మగ్గం గుంటలో ఉప్పు ముంత

కృష్ణా డెల్టాలో ఇళ్ళ స్థలాల కోసం భూమిని మే నెలలో చూడకూడదు. ఈ ఒక్క మాట నేను ఉద్యోగంలో చేరిన రోజే ఎవరైనా చెప్పి ఉంటే నా డైరీల్లో ఒక పేజీ వేరేగా ఉండేది. ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్ళకే తెలియదేమో. తెలిసిన వాళ్ళు మా ఆఫీసు మెట్లు ఎక్కితే వాళ్ళ చేతిలో అర్జీ తీసుకునేవాళ్ళం తప్ప నోటి మాట వినేవాళ్ళం కాదు.

నేను పురపాలక సంఘాల్లో పనిచేసి రిటైరయ్యాను. పేదల ఇళ్ళకీ, వాడల్లో రోడ్లకీ, మురుగు కాలువలకీ, కుళాయిలకీ కేంద్రం నుంచి గ్రాంటు వస్తుంది. అందులో ఏ పనికి ఎంత కేటాయించాలో కాగితం మీద పెట్టి కౌన్సిలు ముందు ఉంచడం, తరువాత ఆ పని జరిగిందో లేదో చూడటం నా ఉద్యోగం. నేను చెప్పబోయే సంగతి జరిగిన ఊరి పేరు రాయను. బందరులో పొద్దున బస్సెక్కి, పని చూసుకుని, సాయంత్రానికి ఇంటికి వచ్చేయగలిగిన చేనేత ఊరు అనుకుంటే చాలు.

పోయిన నెల మా విభాగంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమంది. నేను ఉత్సాహంగా గంటసేపు నిబంధనలు చెప్పాను. ఓపిగ్గా విని, "అవన్నీ పుస్తకంలో ఉన్నాయండీ. పుస్తకంలో లేనిది చెప్పండి" అంది. ఆ అమ్మాయి వెళ్ళాక బీరువా మీది పెట్టె దించి పాత డైరీలు తీశాను. ఇది ఆ అమ్మాయి కోసం, ఆమె లాంటి వాళ్ళ కోసం.

ఎడమ పేజీ, కుడి పేజీ

డైరీ రాయడం మా నాన్నగారి దగ్గర అబ్బింది. ఆయన గుడివాడలో బడిపంతులు. ఆ రోజు వాన పడిందా లేదా, ఏ పిల్లవాడు బడికి రాలేదు, ఎందుకు రాలేదు అని రోజూ రాసుకునేవారు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కొత్త డైరీ కొనిచ్చి రెండు నియమాలు చెప్పారు. ఎడమ పేజీలో కళ్ళతో చూసింది రాయాలి, కుడి పేజీలో మనం అనుకున్నది రాయాలి. రెండోది, రాసింది ఎప్పుడూ కొట్టేయకూడదు. తప్పయితే దాని కిందే సరైనది రాయాలి.

రెండో నియమం నేను ఎన్నడూ తప్పలేదు. మొదటిది తప్పాను. ఆ తప్పు గురించే ఈ వ్యాసం.

వలలున్న మరుగుదొడ్లు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను కొన్నాళ్ళు దివిసీమకు డిప్యుటేషన్ మీద పంపారు. హంసలదీవి వైపు మత్స్యకారుల కాలనీల్లో కట్టిన ఇళ్ళు వాడుకలో ఉన్నాయో లేదో చూసి రిపోర్టు ఇవ్వాలి. ఇళ్ళు బాగున్నాయి. మరుగుదొడ్లకు మాత్రం తాళాలున్నాయి. తీయించి చూస్తే లోపల వలలు. నాకు నవ్వొచ్చింది. సర్కారు మరుగుదొడ్డి కట్టిస్తే వీళ్ళు వలల గది చేసుకున్నారని రిపోర్టులో కాస్త వెటకారంగానే రాశాను.

అప్పటి మా పై అధికారి పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నారు. రిపోర్టు చదివి కళ్ళజోడు తీసి, "ఆ ఇంట్లో తాళం పడే తలుపులు ఎన్నున్నాయి?" అని అడిగారు.

ఇంటికి ముందొకటి, మరుగుదొడ్డికొకటి అన్నాను.

"ముందు తలుపు పగలంతా తీసే ఉంటుంది. ఆ ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువేది?"

నాకు అప్పుడు వెలిగింది. వలే కదా అన్నాను.

"మరి నవ్వుతావేం? నువ్వయితే బంగారం బయట పెట్టి బీరువాలో చెప్పులు పెడతావా?"

ఆయన చెప్పింది మరుగుదొడ్లు వద్దని కాదు. ఇంటికి వలల కొట్టు కూడా కావాలని వాళ్ళు చెప్పే అవకాశం మనం ఇవ్వలేదని. జనం మనమిచ్చిన వస్తువును మరోలా వాడుతున్నారంటే అది వాళ్ళు మనకు రాసిన అర్జీ అనేవారు. మాట నాకు బాగా నచ్చి డైరీలో రాసుకున్నాను. రాసుకున్న మాట పాతికేళ్ళ తరవాత అవసరపడ్డ రోజున గుర్తుకు రాలేదు. అది వేరే సంగతి.

ఎవరడిగారు?

ఇక అసలు ఊరు. అక్కడ మా కమిషనర్ మేడమ్‌కు ఒక అలవాటుండేది. బడ్జెట్టు కాగితం ముందు పెడితే అంకెలు చివర చూసేవారు. ముందు ప్రతి పని పక్కనా పెన్సిలు ఆనించి "ఇది ఎవరడిగారు?" అనేవారు. వార్డు సభలో అడిగారండీ అంటే, సభలో ఎవరు అని. ఆడవాళ్ళండీ అంటే, ఏ ఆడవాళ్ళు అని. మొదట్లో విసుగనిపించేది. ఆవిడ బదిలీ అయ్యేనాటికి ఆ ప్రశ్న నాకు అంటుకుంది. ఇప్పటికీ మా ఆవిడ కూర వండి పెడితే ఎవరడిగారు అనబోయి ఆగుతుంటాను.

ఆ ఏడు ఊరి చివర చేనేత కుటుంబాల కోసం కాలనీ వేస్తున్నాం. ఇళ్ళ డబ్బు వేరు. అది గోడలు లేచేకొద్దీ విడతల వారీగా లబ్ధిదారుల ఖాతాలో పడుతుంది. కాలనీకి రోడ్లూ కాలువలూ వేయడానికి వచ్చే గ్రాంటు వేరు. దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో నేను ప్రతిపాదించాలి. అందులో సిమెంటు రోడ్లున్నాయి, కుళాయిలున్నాయి, చిన్న పార్కుంది, కాలనీ మొదట్లో స్వాగత ద్వారం ఉంది.

మేడమ్ పెన్సిలు ద్వారం మీద ఆగింది. ఎవరడిగారో మా అందరికీ తెలుసు. ఆ వార్డు కౌన్సిలరు. మనిషి మంచివాడే. ఎవరింట్లో కష్టం వచ్చినా ముందుండేవాడు. నన్ను బావగారూ అని పిలిచేవాడు, ఎంత మందిని అలా పిలిచేవాడో లెక్కలేదు. ద్వారం మీద తన పేరు ఉండాలన్నది ఒక్కటే ఆయన కోరిక.

"రోడ్డు కింద ఉంటుంది బావగారూ, ఎవడికీ కనపడదు. ద్వారం అయితే బస్సులోంచి కూడా కనపడుద్ది" అన్నాడు నాతో. ఆ మాటలో నిజం లేకపోలేదు. నేనూ పెద్దగా కాదనలేదు. ద్వారం కాగితంలో ఉండిపోయింది.

ఆ కాలనీ భూమిని ఎంపిక చేసిన వాళ్ళలో నేనున్నాను. మే నెలలో చూశాం. నేల గట్టిగా, పొడిగా, నెర్రెలు విచ్చి ఉంది. అనుకూలం అని రాసి సంతకం పెట్టాను. అప్పుడు కాలువలు కట్టేసి ఉన్నాయి. డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ణి. వేసవిలో కాలువలు కట్టేస్తారని, వానాకాలం సార్వా పంటకు మళ్ళీ వదులుతారని నాకు తెలియదా? తెలుసు. కానీ పొలం సంగతిగా తెలుసు, ఇంటి సంగతిగా తోచలేదు.

గొయ్యి, ముంత

ఇళ్ళు మొదలయ్యాయి. చాలామంది త్వరగానే కట్టుకున్నారు. శ్లాబు పడిన తరువాత గచ్చు చేసి, తలుపులు బిగించి, ఫోనులో ఫొటో తీసి పంపితే ఆఖరి విడత వస్తుంది. మార్చి దాటితే అది రాదన్న భయం అందరికీ ఉంటుంది, మాకూ ఉంటుంది. రెండో వేసవి వచ్చేసరికి కాలనీలో ఒక్క ఇల్లు మాత్రం శ్లాబు దగ్గర ఆగిపోయింది. ఆ ఇల్లు నాంచారమ్మది.

నాంచారమ్మ యాభై దాటిన మనిషి. భర్తకు మోకాళ్ళు పోయి మగ్గం మీద కూర్చోలేడు. ఆయన నూలు కండెలు చుడితే ఆమె నేసేది. పాతూరులో అద్దె ఇల్లు. ఆ ఇల్లుగలాయన పాతది పడగొట్టి మేడ కట్టదలిచి, దసరా నాటికి ఖాళీ చేయమని చెప్పేశాడు. సామాను ఎక్కడైనా సర్దుకోవచ్చు. మగ్గం అలా కాదు. వాళ్ళది గుంట మగ్గం. నేలలో నడుం లోతు గుంట తీసి, అంచున కూర్చుని, కాళ్ళు గుంటలోకి జార్చి తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తారు. ఇంట్లో గుంట తీస్తామంటే ఏ ఇంటివాడు అద్దెకిస్తాడు? టైల్స్ పరిచిన ఇళ్ళవాళ్ళు అసలే ఇవ్వరు. అంటే ఈ కాలనీ ఇల్లు పోతే ఆమెకు పోయేది గూడొక్కటే కాదు, నేత కూడా.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే, జాబితాలో ఒక ఇల్లు వెనకబడిందని. మా ఏఈ ప్రసాద్ కుర్రవాడు, చురుకైనవాడు. అతనూ నేనూ వెళ్ళి చూశాం. తలుపుకు బదులు తడిక అడ్డం పెట్టి ఉంది. లోపల గచ్చు లేదు, మట్టి నేల. ముందు గదిలో పెద్ద గొయ్యి. గొయ్యి అడుగున ఒక మట్టి ముంత, మూతికి గుడ్డ కట్టి ఉంది. ప్రసాద్ ఫోను టార్చి వేసి చూసి వెనక్కి తగ్గాడు.

"ఇదేంటి సార్? ఏదో చేయించినట్టున్నారు. ముట్టుకోకండి" అన్నాడు.

పక్కింటామె వచ్చి, ఆమె నెలకోసారి వచ్చి ఆ ముంత తీసి చూసి మళ్ళీ పెట్టి వెళ్తుందని చెప్పింది. ఎందుకని అడిగితే, "ఏమోనండీ, దాని చాదస్తం దానిది. మేం అందరం గచ్చులు చేయించుకున్నాం" అంది. ఆమెది కూడా నేత కుటుంబమే. ఆ రోజు నేనామెను మరొక్క ప్రశ్న అడగవలసింది. మీ మగ్గం ఎక్కడుందమ్మా అని. అడగలేదు.

ఆఫీసుకు వచ్చి రద్దు చేయవలసిన ఇళ్ళ జాబితాలో రిమార్కు రాశాను: "ఇంటి లోపల గొయ్యి తీసి, ఏదో పూజ చేసి వదిలివేసినారు. లబ్ధిదారుకు ఆసక్తి లేదు."

డైరీలోనూ అదే రాశాను, ఎడమ పేజీలో. గొయ్యి చూశాను, ముంత చూశాను. పూజ చూడలేదు. ఆసక్తి లేకపోవడం ఎవరి కంటికీ కనపడేది కాదు. ఆ రెండూ కుడి పేజీ మాటలు.

ఆమె ఆఫీసుకు వచ్చిన రోజు

రద్దు నోటీసు అందిన వారానికి నాంచారమ్మ వచ్చింది. కౌన్సిలరును వెంటబెట్టుకుని వచ్చింది, లేదా ఆయనే తోవలో తగులుకున్నాడేమో. ఆయన ముందుగా అందుకుని, మా అక్కకు ఇంకో నెల గడువిప్పించండి బావగారూ, గచ్చు నేను దగ్గరుండి చేయిస్తాను అన్నాడు.

"నువ్వుండు తమ్ముడూ. గచ్చు చేయించుకోలేక కాదు నేను ఆగింది" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగి, "ఆసక్తి లేదని రాశారంటగా సార్. ఎవర్నడిగి రాశారండీ?" అంది.

మేడమ్ ప్రశ్న ఆమె నోట వినడం నాకు గుచ్చుకుంది. కోపం కూడా వచ్చింది, దాచడం ఎందుకు. గొయ్యిలో ముంత సంగతేమిటని అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఇంత పెద్ద ఉద్యోగం చేసేవాడికి ఇది తెలియదా అన్నట్టు.

"ఉప్పండీ" అంది.

కళ్ళుప్పు. కొత్త చోట మగ్గం వేసే ముందు గుంట తీసి ముంతలో కళ్ళుప్పు పోసి అడుగున పెడతారు. కాలువలకు నీళ్ళొచ్చి, నేల వానకు తడిసేదాకా ఆగి చూస్తారు. ఉప్పు పొడిగా ఉంటే గుంటలో చెమ్మ లేదని అర్థం, పడుగు పోగులు పుటుక్కున తెగుతాయి. ఉప్పు చెమర్చితే మంచి గుంట, పోగు మెత్తగా ఆడుతుంది. కరిగి నీరైతే ఊట ఉందని, ఆ గుంట పనికిరాదని. వాళ్ళ అత్తగారు అలా చూసేదట, ఆమె అత్తగారూ అలాగే చూసేదట.

మరి ఏమైంది ఉప్పు అన్నాను. నా కోపం అప్పటికే పోయింది. నిజంగా తెలుసుకోవాలనిపించింది. పాతికేళ్ళు నేతగాళ్ళ ఊళ్ళ చుట్టూ తిరిగినవాణ్ణి, ఈ మాట వినడం అదే మొదలు.

"పోయిన సార్వాకి కరిగిపోయింది. ఎలకేమన్నా మూత కొరికిందేమోనని మళ్ళీ పోశాను. ఈసారి కూడా కరిగితే ఆ ఇల్లు నాకొద్దండీ, మీరే తీసుకోండి. కానీ ముందు చూడనివ్వండి. కాలువలొదిలి పది రోజులే అయింది."

"అక్కా, ఇల్లొద్దంటావేంటి? ఊరంతా ఇళ్ళు ఇళ్ళని ఏడుస్తుంటే" అన్నాడు కౌన్సిలరు.

"నేను మగ్గమేసుకోడానికి ఇల్లడిగాను తమ్ముడూ. ఈత కొట్టడానికి కాదు."

ప్రసాద్ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నేను నోటీసు మీద ఆఖరి ఉత్తర్వు ఆపమని గుమాస్తాకు చెప్పి, మర్నాడు పొద్దున్నే పలుగూ పారా తీసుకురమ్మని ప్రసాద్‌కు చెప్పాను.

నీళ్ళు ఎక్కడున్నాయి

మర్నాడు కాలనీలో ముందు నాంచారమ్మ ముంత చూశాం. ఆమే గుంటలో దిగి తీసింది. గుడ్డ విప్పితే ఉప్పు లేదు, బురద నీళ్ళున్నాయి. గుంట అడుగున ఆమె పాదాలు మడమ దాకా దిగబడ్డాయి. నీళ్ళు పారబోసి ముంత బోర్లించింది.

ఆ తరువాత కాలనీ నాలుగు మూలలా తవ్వించాం. ఒక మూలన మోకాలి లోతులోనే ఊట వచ్చింది. మే నెలలో నేను చెప్పుల కాళ్ళతో నడిచి అనుకూలం అని రాసిన చోటే. పక్కనే పంట కాలువ నిండుగా పారుతోంది. కాలనీ స్థలం దాని మట్టం కన్నా తక్కువలో ఉందని అప్పుడు చూస్తే పిల్లలకైనా తెలుస్తుంది.

తరువాత మిగిలిన ఇళ్ళలోకి వెళ్ళాం, ఒక్కొక్క ఇంట్లోకి. ఈసారి అడగవలసిన ప్రశ్న అడిగాను. మీ మగ్గం ఎక్కడుంది? గచ్చు చేయించుకుని, ఫొటో పంపి, ఆఖరి విడత తీసుకుని, నా జాబితాలో "పూర్తి" అని ఉన్న వాళ్ళు ఒక్కొక్కరూ చెప్పారు. మగ్గం పాతూరులో చుట్టాలింట్లో ఉందన్నారు కొందరు. విప్పి అటక మీద పెట్టామన్నారు కొందరు. పక్కింటామె భర్త గుడివాడలో రైసుమిల్లుకు వెళ్తున్నాడట. గచ్చు పగలగొట్టి గుంట తీస్తే ఊరుకుంటారా అని ఆమె భయపడుతూ అడిగింది. ఆమె నాంచారమ్మది చాదస్తం అన్నదెందుకో నాకప్పుడు అర్థమైంది. తను ఆగలేకపోయింది కాబట్టి.

ఆ రోజు ఎడమ పేజీ నిండిపోయింది. కుడి పేజీలో ఒక్క వాక్యమే రాశాను: పూర్తయిన ఇళ్ళన్నీ మగ్గాలు లేని ఇళ్ళు, ఆగిపోయిన ఇల్లొక్కటే నేతగాళ్ళ ఇల్లు.

ద్వారానికి బదులు

మేడమ్‌కు ఏదీ దాచకుండా చెప్పాను. భూమి చూసింది నేనే, రిమార్కు రాసింది నేనే. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. రద్దు నోటీసు వెనక్కి తీసుకోవడానికి కారణం ఏమని రాస్తారు అని అడిగారు. నా పొరపాటని రాస్తానన్నాను.

"పొరపాటని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏం పొరపాటో రాయండి. ఉప్పు సంగతి కూడా రాయండి" అన్నారు.

రాశాను. రెండు వారాలకు పై ఆఫీసు నుంచి శ్రీముఖం వచ్చింది. గృహనిర్మాణానికీ ఉప్పుకూ గల సంబంధమేమిటో సవివరంగా తెలియజేయవలసిందని. నా సర్వీసులో అంత ఇష్టంగా రాసిన జవాబు మరొకటి లేదు. దాని మీద మళ్ళీ ప్రశ్న రాలేదు.

పరిష్కారం చెప్పింది ఇంజనీరు కాదు, నాంచారమ్మ ఇంటికి పనిచేస్తున్న తాపీమేస్త్రి. ఊటను కిందికి తోసేయలేం కనక గుంటను పైకి తేవాలన్నాడు. మగ్గం గది నేలను మాత్రం మెరక పోసి రెండడుగులు లేపాలి. గుంట చుట్టూ నుయ్యికి దించినట్టు సిమెంటు వర దించాలి. అడుగున మాత్రం మట్టే ఉంచాలి, చెమ్మ రావాలి కనక. దానితోపాటు పంట కాలువ వైపు కాలనీ పొడవునా లోతుగా ఊట కాలువ తవ్వి మురుగు డ్రెయిన్లో కలపాలి. ప్రసాద్ లెక్క వేసి సరే అన్నాడు. మెరకకూ వరలకూ ఊట కాలువకూ డబ్బు కావాలి. అది ద్వారం, పార్కు పద్దుల్లో ఉంది. మార్చిలోగా కౌన్సిలు తీర్మానించాలి.

కౌన్సిలరును ఒప్పించడం నా వల్ల కాలేదు. ద్వారం అంటే ఆయనకు ఎంత ఇష్టమో చెప్పాను కదా. నాంచారమ్మ ఆయన్ను పిలిచి పక్కింట్లో మంచం మీద కూర్చోబెట్టి, అటక మీద విప్పి పెట్టిన మగ్గం కర్రలు చూపించిందట. ఏమందో నాకు తెలియదు. కౌన్సిలు సమావేశంలో ఆయన లేచి, ద్వారం వద్దు, ఊట కాలువ కావాలి అన్నాడు. కూర్చోబోతూ నా వైపు వంగి, "కాలువ మీద కల్వర్టు వేస్తారుగా బావగారూ? దాని మీదైనా నా పేరు రాయించండి" అన్నాడు. రాయించాం. బస్సులోంచి కనపడదు గాని, ఉంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అందరికీ న్యాయం జరగలేదు. గచ్చు పగలగొట్టుకోవడానికి కొందరు ముందుకు రాలేదు. కొందరు అప్పటికే మగ్గం అమ్మేశారు. పక్కింటాయన రైసుమిల్లు మానలేదు. నేను మే నెలలో పెట్టిన సంతకం వాళ్ళ జీవితంలో అలాగే ఉండిపోయింది. కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. మన తప్పు దిద్దుకునే దారి మనకు దొరికినంత సులువుగా, ఆ తప్పు మోసినవాళ్ళకు దొరకదు.

నాంచారమ్మ దసరాకు పాత ఇల్లు ఖాళీ చేయలేకపోయింది. పనులు అప్పటికి మొదలు కాలేదు. ఆమె వెళ్ళి ఇల్లుగలాయన్ను బతిమాలుకుని సంక్రాంతి దాకా, తరవాత ఉగాది దాకా గడువు తెచ్చుకుంది. ప్రతి గడువుకూ ముందు రోజు ఆఫీసుకు వచ్చి బెంచీ మీద కూర్చునేది. అర్జీ ఏమీ ఇచ్చేది కాదు. ఊరికే కూర్చుని, నేను తలెత్తినప్పుడల్లా కనపడేది.

పలుగు సంగతి

ఆ తరువాత నేను ఏ భూమి చూడవలసి వచ్చినా కాలువలు వదిలిన తరువాతే చూశాను. మేలోనే చూసి తీరాలని పైనుంచి ఒత్తిడి వస్తే చూశాను గాని, జూలైలో మళ్ళీ చూసేదాకా సంతకం పెట్టలేదు. దీనివల్ల రెండుసార్లు మాట పడ్డాను. ఆఫీసు జీపులో పలుగు పెట్టించేవాణ్ణి. డ్రైవరు నన్ను వెనకాల పలుగు సారు అనేవాడని తెలుసు. పెదపారుపూడి దగ్గర మా బావమరిది ఇంటి స్థలం కొనేటప్పుడు కూడా పలుగు తీసుకుని వెళ్ళాను. ఆయన నవ్వాడు. జూలైలో నవ్వలేదు.

కొత్తవాళ్ళకు నా సలహా పలుగు గురించి కాదు. మీ ఊరికి మీ ఊరి ఉప్పు ముంత ఏదో ఉంటుంది. అది మీకు పిచ్చిగానో, చాదస్తంగానో, పూజగానో కనపడుతుంది. కనపడినప్పుడు దాన్ని రిమార్కుల గడిలో రాసేయకండి. మూత విప్పి లోపలేముందో అడగండి. తెలుసుకోవాలన్న కుతూహలం ఈ ఉద్యోగంలో దయ కన్నా ఎక్కువ పనిచేస్తుంది. దయ మనం అనుకున్నది ఇస్తుంది. కుతూహలం వాళ్ళకు కావలసింది ఏమిటో అడుగుతుంది.

కింద రాసింది

ఊట కాలువ పూర్తయ్యాక, పంట కాలువలు వదిలిన నెల్లాళ్ళకు, నాంచారమ్మ మనిషిని పంపి రమ్మంది. అప్పటికి ఆమె ఆ ఇంట్లో చేరి మూడు నెలలయింది గాని, మగ్గం వేయలేదు. ఉప్పు చూడనిదే వేయనంది. ఆ మూడు నెలలూ వాళ్ళు ఎలా బతికారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మగ్గం గది గుమ్మంలో తల వంచి వెళ్ళాలి. నేల లేపిన తరువాత గుమ్మం పొట్టిదైపోయింది. నేను నొచ్చుకుంటుంటే, మగ్గం ఉన్న గదిలోకి తల వంచుకునే వెళ్ళాలిలెండి అంది. కిటికీ మాత్రం ఇప్పుడు నేల మీద కూర్చున్న మనిషి కళ్ళకు సరిగ్గా ఉంది. అంతకు ముందు మేం పెట్టిన కిటికీ నిలబడే వాళ్ళ కోసం. నేసేవాళ్ళు కూర్చుంటారని మా నమూనా గీసినాయనకు ఎవరూ చెప్పలేదు.

ఆమె భర్త గోడకు ఆనుకుని కూర్చుని కండెలు చుడుతున్నాడు. మగ్గం లేకుండా కండెలెందుకని అడగబోయి ఊరుకున్నాను.

"దిగండి సార్" అంది.

నేను చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి జార్చాను. ముందు సిమెంటు వర గోడకు పాదాలు తగిలాయి, తరవాత మట్టికి. చల్లగా ఉంది.

"తడిశాయా?"

"లేదమ్మా."

ఆమె వంగి ముంత తీసి గుడ్డ విప్పింది. తను చూడకుండా నా చేతికిచ్చింది. ఇంటాయన కండె తిప్పడం ఆపాడు. నేను వేళ్ళు పెట్టి చూశాను. గింజలు గింజలుగానే ఉన్నాయి, ఒకదానికొకటి అంటుకుని. వేలికి చెమ్మ తగిలింది. ముంత వంచితే ఒక్క చుక్క రాలేదు.

"చెమర్చింది" అన్నాను.

అప్పుడు తనూ వేలు పెట్టి చూసింది. చూసి ఆ వేలు పమిటకు తుడుచుకుని, మొగుడితో పడుగు తీసుకురమ్మని చెప్పింది. నా వైపు తిరిగి, "రాసుకోండి మరి. అప్పుడు ఆసక్తి లేదని రాశారుగా, దాన్ని కొట్టేసి రాస్తారా?" అంది.

"కొట్టెయ్యనమ్మా. దాని కిందే రాస్తాను."

ఆ సాయంత్రం బందరు బస్సు దిగి ఇంటికి వచ్చి పాత డైరీ తీశాను. ఆ పేజీలో, ఎడమ వైపు, పూజ అనీ ఆసక్తి లేదనీ రాసి ఉన్న చోట కింద రెండంగుళాల ఖాళీ ఉంది. అందులో రాశాను: గుంటలో నీళ్ళు లేవు. ఉప్పు చెమర్చింది, కరగలేదు. నేను బయల్దేరేసరికి పడుగు ఎక్కిస్తున్నారు.